ఆ గీత చదివాకే చెవి మిషన్

‘ఏ కంపెనీ చెవి మిషన్ మంచిదో పట్టిక వేసివ్వండి, గురువారం సాయంత్రానికి పేజీ వెళ్లిపోవాలి’ అన్నారు ఎడిటర్. ఆ పట్టిక ఈ కథనంలో లేదు. బ్రోచర్లు ఎన్ని తిరగేసినా ఛానెళ్లు, బ్లూటూత్, ఏఐ తప్ప కొనేవాళ్లకు పనికొచ్చే ముక్క దొరకలేదు. దొరికిందల్లా మా మేనత్త సంచిలో నాలుగు మడతల కాగితం. ఆడియోగ్రామ్.

అదొక గళ్ల కాగితం. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా అంకెలు. ఎడమవైపు బొంగురు శబ్దాలు, కుడివైపు కీచు శబ్దాలు. నిలువున డెసిబెళ్లు. సున్నా పైన ఉంటుంది, గీత కిందికి దిగినకొద్దీ వినికిడి తగ్గినట్టు. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూలు ఎడమ చెవివి. అత్తయ్య కుడి చెవికి 500 దగ్గర 25, 1000 దగ్గర 30, 2000 దగ్గర 50, 4000 దగ్గర 70. మొదటి మూడింటి సగటు 35. కాగితం అడుగున ఆ 35 వేసి ‘స్వల్ప లోపం’ అని రాసేశారు. ఆ 70 లెక్కలోకే రాలేదు!

ఆవిడ బాధంతా అక్కడే ఉంది. అచ్చుల బలం బొంగురు వైపు, స, శ, త, క లాంటి హల్లుల గుర్తింపు కీచు వైపు ఉంటాయి. అందుకే ఎవరో ఏదో అన్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. కోడలు ‘పాలు పొంగాయి’ అంటే ‘కాలు వాచిందా’ అంటూ కంగారుగా లేచొస్తుంది. ‘నాకు వినపడుతుందిరా, మీరే నోట్లో నోట్లో గొణుగుతారు’ అని దెబ్బలాడుతుంది. గీత చూస్తే ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు.

ఇలాంటి చెవికి ఒక దుకాణంవాళ్లు ‘పెట్టుకున్నట్టే కనపడదమ్మా’ అని లోపల దూరే బుల్లి మిషన్ అంటగట్టారు. దారి మూసుకుపోయి, సొంత గొంతే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు మోగింది. నెల తిరక్కుండా అది బీరువాలోకి చేరింది. ఆవిడకు కావలసింది ఆర్‌ఐసీ రకం. చెవి వెనక చిన్న మిషన్, సన్నటి తీగ, చివర గాలాడే రబ్బరు టోపీ. బొంగురు శబ్దాలు మామూలుగానే లోపలికి వెళ్తాయి, మిషన్ కీచు వైపు మాత్రమే పెంచుతుంది. 500 దగ్గరే 70కి పడిపోయిన చెవికైతే ఇది చాలదు. కొలత తీసి పోసిన బిగుతైన అచ్చు, చెవి వెనక పెద్ద మిషన్ ఉండాలి.

కాగితం మీద కోణం గుర్తులు కూడా ఉంటాయి. అవి ఎముక ద్వారా విన్న కొలతలు. అవి పైన, సున్నాలు బాగా కింద ఉంటే శబ్దం దారిలోనే ఆగుతోందన్నమాట: గుబిలి, చీము, నీరు, కర్ణభేరికి చిల్లు. మందుతోనో ఆపరేషన్‌తోనో బాగయ్యే అవకాశం ఉంది. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

మిషన్ బిగించాక చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి, లోపలికి ఎంత శబ్దం చేరుతోందో కొలిచే పరీక్ష ఉంది. పేరు రియల్ ఇయర్ మెజర్‌మెంట్. అది చేస్తారా అని అడగండి. అది చేసే ఆడియాలజిస్టు ఇచ్చే మామూలు మిషన్, చేయనివాళ్లు ఇచ్చే ఖరీదైనదానికంటే మేలని నా లెక్క.

చరిత్రకు చోటు తక్కువ. 1898లో అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ తెచ్చిన అకూఫోన్, తర్వాత వాక్యూమ్ ట్యూబులు, 1952 చివర్లో ట్రాన్సిస్టర్, 1996 నాటికి పూర్తి డిజిటల్. 2022 అక్టోబరు నుంచి అమెరికాలో ఓ మోస్తరు లోపమున్న పెద్దలు డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు. అమ్మానాన్నలకు అక్కడినుంచి తెచ్చే పిల్లలు ముందు ఇక్కడ ఆడియోగ్రామ్ తీయించండి.

బాక్స్: మిగిలినవి

బ్యాటరీ స్టిక్కరు రంగే సైజు: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. స్టిక్కరు తీశాక ఓ నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. వేళ్లు వణికేవారికి ఛార్జింగ్‌దే హాయి.

‘మిషన్ పెడితే మతిమరుపు రాదు’ అనే ప్రకటనలను నమ్మకండి. 2023లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, ముప్పు ఎక్కువున్న వృద్ధుల్లోనే మేలు తేలింది.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపాలకు సేవలందించే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అర్హులకు కేంద్ర ప్రభుత్వం ఏడిప్ పథకం కింద మిషన్ ఇస్తుంది.

ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మిషన్ల మాట పక్కన పెట్టి, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.