భౌతిక చికిత్సా విద్య: గంటల లెక్కయు, రోగి శయ్యయు

పక్షవాతము సోకిన రోగిని లేవదీయునపుడు చచ్చుబడిన చేతిని పట్టి లాగినచో భుజపు కీలు చెడును. పాఠ్యగ్రంథమున నిది యొక్క పంక్తి మాత్రమే. కాని రోగి నెచ్చట నానించి, ఎంత బలముతో లేపవలెనో అనుభవజ్ఞుడైన గురువు చెంత నిలిచి పలుమారు చేసినగాని అలవడదు. ఫిజియోతెరపీ విద్య యంతయు నిట్టిదే. కావున దాని మేలును పట్టముల పొడవుతో గాక, రోగి శయ్యకడ గడపిన కాలముతో కొలుచుట యుక్తము.

అమెరికాలో 1918లో, యుద్ధమున గాయపడిన సైనికుల సేవకై మేరీ మెక్‌మిలన్ ప్రభృతులు కొలదినెలల శిక్షణముతోనే స్త్రీలను సిద్ధపరచిరి. అచట నీ విద్య క్రమముగా పెరిగి, 2015 సంవత్సరాంతమునకు వృత్తి ప్రవేశమునకు డాక్టరు పట్టమే ప్రమాణమైనది. అయినను అచటి గుర్తింపు సంఘము పట్టముతో తృప్తినొందక, విద్యార్థి కనీసము 30 వారములు పూర్తికాలము చికిత్సాలయములలో పనిచేయవలెనని నియమించినది. మనము గ్రహింపదగినది పట్టము పేరు కాదు, ఈ నియమము.

మన దేశమున నీ విద్యకు 1953లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో, పాఠశాల నెలకొన్నది. పుట్టుకతోనే ఆసుపత్రి నంటియున్న విద్య యిది. తరువాత బి.పి.టి., రెండేండ్ల ఎం.పి.టి. పట్టములు వెలసినవి. తుదకు 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఈ వృత్తికి జాతీయ సంఘమును కల్పించి, పట్టవిద్య 3,600 గంటలకు తగ్గరాదని శాసించినది. రాష్ట్రములు దానిని అమలుపరచుటలో జాగుచేయగా, 2024లో సుప్రీముకోర్టు గడువు విధింపవలసివచ్చినది.

గంటల లెక్క మంచిదే. కాని ఆ గంటలలో రోగిని స్వయముగా పరీక్షించినవెన్ని, గోడవార నిలిచి చూచినవెన్ని? ఒక్క గురువు చుట్టు ముప్పదిమంది మూగినచో, హాజరుపట్టీ నిండును గాని చేతులకు పని రాదు. కళాశాలలు విరివిగా పెరుగనిదే పల్లెలకు చికిత్సకులు చేరరని కొంద రనవచ్చును. కొరత నిజమే. అయితే శిక్షణములేని చేతిని పల్లెకు పంపుట కొరతను తీర్చుట గాదు. బీదరోగిపై విద్యార్థి పాఠమును రుద్దుట మాత్రమే. మోకాలు మార్పించుకొన్న కూలికి అది మరల వంగకున్న, పోవునది జీవనాధారము.

కావున మూడు పనులు వెంటనే జరుగవలెను. కళాశాలకు సీట్లిచ్చునపుడు భవనములకంటె ముందు రోగులసంఖ్యను, శయ్యకడ నేర్పు గురువులసంఖ్యను చూడవలెను. రెండు తెలుగు రాష్ట్రములలోను జిల్లా ఆసుపత్రులయందు తగిన వేతనముపై పెద్ద చికిత్సకులను నియమించి, విద్యార్థులను వారి కప్పగింపవలెను. ఎం.పి.టి. పట్టము పొంది బోధకులైనవారు చికిత్సను మానరాదు. రోగిని విడిచిన గురువు వద్ద పుస్తకమే మిగులును.

పట్టమునకు వన్నె గోడపై వ్రేలాడు చట్రమువలన రాదు. మంచము దిగి రెండడుగులు వేసిన రోగియే దానికి సాక్షి. ఆ సాక్ష్యమును సమకూర్చుట ప్రభుత్వముల విధి. దాని నడుగుట ప్రజల హక్కు.