మూకుడులో మిగిలిన నూనె

పండక్కి అరిసెలు, జంతికలు వండాక మూకుడులో అరలీటరు నూనె మిగులుతుంది. పారబోయడానికి చెయ్యి రాదు. సీసాలో దాచి మళ్లీ పూరీలకు వాడతాం. మూడోసారికి అది నల్లబడి, జిగటగా మారి, పొయ్యి మీద పెట్టగానే నురగ కడుతుంది. వేడికి, గాలికి, పిండిలోని తడికి నూనె విరిగి అందులో పోలార్ సమ్మేళనాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని 2018 జూలై నుంచి దేశంలో నిబంధన ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేం. నురగ, పొగ, కమురు వాసన కనిపిస్తే ఆ నూనె పని అయిపోయినట్టే.

పెద్ద హోటళ్ల నూనె బయోడీజిల్ ఫ్యాక్టరీలకు వెళ్తోంది. మన అరలీటరు కోసం ఏ లారీ రాదు. బయోడీజిల్ ఇంట్లో చేద్దామన్న ఆలోచన అసలొద్దు. దానికి వాడే మిథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది. పల్లెకు సరిపోయేది సబ్బు. పది ఇళ్ల నూనె ఒక డబ్బాలో చేరిస్తే డ్వాక్రా సంఘం సులువుగా చేసుకోగలదు.

నూనెను గుడ్డలో వడకట్టి, తేరనిచ్చి, అడుగున దిగిన మడ్డి తీసేయాలి. తర్వాత తూకం. లీటరంటే కిలో కాదు, దాదాపు 910 గ్రాములే. చాలామంది పొరపడేది ఇక్కడే. కిలో నూనెకు 130 గ్రాముల కాస్టిక్ సోడా, 300 గ్రాముల నీళ్లు. సోడా ఎక్కువైతే సబ్బు చేతులను కాల్చేస్తుంది, అందుకే చేతి అంచనా పనికిరాదు. నీళ్లలోకే సోడాను కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే కుతకుతలాడి ముఖం మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది, స్టీలుదే వాడాలి. గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. ఒంటిమీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ కడగాలి.

సోడా నీళ్లు గోరువెచ్చగా అయ్యాక నూనెలో పోసి, మజ్జిగపులుసంత చిక్కబడేదాకా కలిపి అచ్చుల్లో పోయాలి. మర్నాటికో, ఆ మర్నాటికో గట్టిపడుతుంది. ముక్కలు కోసి నెలరోజులు నీడలో ఆరనివ్వాలి. ఇది ఒంటి సబ్బు కాదు. గిన్నెలకు, బట్టలకు, గచ్చు కడగడానికి.

ఈ సంక్రాంతికి మూకుడు దించాక ఆ నూనెను సీసాలోకి వంపకండి. సంఘం డబ్బాలో పోయండి.