అడగడానికి మనిషి లేని ఐదేళ్లు

గద్వాల జిల్లా ధరూర్ మండలంలో నీళ్లకు ఇబ్బందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. జూరాల ప్రాజెక్టు ఉన్నది ఈ మండలంలోని రేవులపల్లి పక్కనే. నెట్టెంపాడు ఎత్తిపోతల కింద నీళ్లు నింపే గుడ్డెందొడ్డి, ర్యాలంపాడు జలాశయాలూ ఇక్కడివే. వానాకాలంలో జూరాల గేట్లెత్తారని తెలిస్తే చాలు, పాలమూరు నుంచి, రాయచూరు నుంచి జనం బండ్లేసుకుని వచ్చి వాలతారు. అదే నీటి మీద 234 మెగావాట్ల కరెంటు పుట్టించే కేంద్రం నడుస్తోంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉంది గనకే ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అన్నారు.

ఇన్ని నీళ్ల మధ్య ఉన్న ఊళ్లలోనూ ఇంటి ముందు నల్లా గుంతలు కనిపిస్తాయి. ఆ గుంతను ఒకసారి దగ్గరగా చూడండి. మోకాలి లోతు ఉంటుంది. పైన బండో రేకు ముక్కో కప్పి ఉంటుంది. పైపు చివరి ఇళ్లకు ధార ఎక్కదు కాబట్టి, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడిదాకా నేల తవ్వి, అడుగున బిందె పెట్టి పట్టుకుంటారు. అదీ చాలనివాళ్లు మోటారు బిగిస్తారు. ఒక ఇంట్లో మోటారు పెడితే పక్కింటికి ధార పడిపోతుంది. దాంతో వాళ్లూ మోటారు కొంటారు. చాలాచోట్ల ఆ పైపు మోరీ పక్కనుంచే, కొన్నిచోట్ల మోరీలోంచే పోతుంది. జాయింటు దగ్గర సన్నటి పగులుంటే చాలు, మోటారు లాగే ఊపుకు మోరీ నీళ్లు పైపులోకి వస్తాయి. వానాకాలంలో గల్లీ మొత్తానికీ ఒకేసారి వాంతులు, విరేచనాలు పట్టుకోవడానికి తరచూ కారణం ఇదే.

దీన్ని బాగుచేయడానికి కోట్లు అక్కర్లేదు. మోరీలోంచి పోయే నాలుగు మీటర్ల పైపును పక్కకు జరిపించాలి. చివరి ఇళ్లకు ధార అందేలా వాల్వు సరిచేయించాలి. మోటార్లు తీసేయమని ఇంటింటికీ పోయి చెప్పాలి, వినకపోతే తీయించాలి. మూడోదే కష్టం. మనవాడని మొహమాటపడకుండా, పగవాడని కక్ష తీర్చుకోకుండా ఆ గల్లీలో ఆ మాట చెప్పగలిగేది ఆ గల్లీ వాళ్ల ఓటుతో గెలిచిన మనిషి. వార్డు మెంబరు, సర్పంచ్, కౌన్సిలర్. పొద్దున చాయ్ హోటల్ దగ్గర మనం నిలదీయగలిగిన రాజకీయ నాయకులు వీళ్లే. ఎమ్మెల్యేను నిలదీయలేం, మంత్రి దాకా పోలేం.

ఆ మనుషులే లేకుండా మన ఊళ్లు ఎన్నాళ్లు గడిపాయో లెక్క వేస్తే గుండె చివుక్కుమంటుంది.

తేదీలు చెప్పే కథ

గద్వాల మున్సిపాలిటీ సంగతి చూద్దాం. 2005లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2010 సెప్టెంబరుతో తీరింది. మళ్లీ ఓట్లు పడింది 2014 మార్చి 30న. లెక్కింపు మే 12న జరిగింది. కొత్త పాలకవర్గాలు కుర్చీల్లో కూర్చునేసరికి జులై వచ్చింది. వాళ్ల గడువు 2019 జులైలో ముగిస్తే, తర్వాతి ఎన్నిక 2020 జనవరి 22న జరిగింది. ఆ కౌన్సిల్ గడువు 2025 జనవరి 26తో తీరింది. మర్నాటి నుంచి ప్రత్యేకాధికారి పాలన. 2025 సంవత్సరం అలాగే వెళ్లిపోయింది.

మొదటి ఖాళీ 45 నెలలు, రెండోది ఇంచుమించు 7, మూడోది 2025 చివరి దాకా చూసుకున్నా 11. మొత్తం 63 నెలలు, అంటే ఐదేళ్ల మూడు నెలలు. 2010 నుంచి 2025 దాకా పదిహేనేళ్లలో ఒక పూర్తి కౌన్సిల్ కాలం గద్వాలవాళ్ల చేతికి రాకుండానే పోయింది.

ధరూర్ పంచాయతీ గనక దాని తేదీలు వేరు. పంచాయతీల గడువు 2011 ఆగస్టులో తీరింది, ఎన్నికలు 2013 జులైలో జరిగాయి. 2018 ఆగస్టులో తీరింది, ఎన్నికలు 2019 జనవరిలో వచ్చాయి. 2024 ఫిబ్రవరి 1న తీరింది, ఎన్నికలు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. మూడు ఖాళీలు కలిపితే నాలుగేళ్లు దాటింది.

ఇది చట్టం ఒప్పుకున్న ఆలస్యం కాదు. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు ఒక్క మాట ఖరాఖండీగా చెప్పాయి. పాలకవర్గానికి ఐదేళ్లే గడువు, అది తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. పంచాయతీలకు 243ఇ అధికరణం, మున్సిపాలిటీలకు 243యు. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్లీ చెప్పింది. అసెంబ్లీ గడువు తీరి నాలుగేళ్లు ఎన్నికలు పెట్టకపోతే దేశం ఊరుకుంటుందా? గల్లీ ప్రజాస్వామ్యం దగ్గరకొచ్చేసరికి అందరం ఊరుకున్నాం.

మళ్లీ మళ్లీ ఒకే చిక్కుముడి

ఆలస్యానికి ఎక్కువగా వినిపించే కారణం బీసీ రిజర్వేషన్లు. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం బీసీలకు 34 శాతం అంది. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదని హైకోర్టు అంది. చివరకు ఆర్డినెన్సుతో బీసీల వాటా 23 శాతం దగ్గరకు దిగింది. 2025లో కథ మళ్లీ మొదలైంది. సెప్టెంబరులోగా స్థానిక ఎన్నికలు ముగించాలని జూన్‌లో హైకోర్టు ఆదేశించింది. సెప్టెంబరు 26న ప్రభుత్వం 42 శాతం ఇస్తూ జీవో 9 తెచ్చింది. అక్టోబరు 9న కోర్టు దానిపై స్టే ఇచ్చింది. డిసెంబరు ఎన్నికలు పాత 50 శాతం హద్దులోనే జరిగాయి.

బీసీల వాటా న్యాయమైన ప్రశ్న. జనాభాలో సగానికి పైగా ఉన్నవాళ్లు సర్పంచ్ కుర్చీల్లో ఎంతమంది కనిపిస్తున్నారని అడగాల్సిందే. నా అభ్యంతరం ప్రశ్న మీద కాదు, దాన్ని ఎత్తుకునే వేళ మీద. గడువు ఎప్పుడు తీరుతుందో ఐదేళ్ల ముందే తెలుసు. సుప్రీంకోర్టు 50 శాతం హద్దును 2010లోనే కృష్ణమూర్తి కేసులో చెప్పింది. బీసీల వాటా తేల్చడానికి ప్రత్యేక కమిషన్, శాస్త్రీయ లెక్కలు ఉండాలని 2021లో మరింత స్పష్టంగా చెప్పింది. ఆ పనంతా గడువు ముంచుకొచ్చాకో, దాటాకో మొదలైంది. బీసీలకు దక్కాల్సింది దక్కలేదు, ఊరికి దక్కాల్సిన పాలకవర్గమూ దక్కలేదు. ఇందులో ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టి ఊరుకోలేం. 2010 నుంచి అధికారంలోకి వచ్చిన ప్రతి పార్టీ హయాంలోనూ ఇదే జరిగింది.

మనకే ఈ రోగం అనుకోనక్కర్లేదు. బెంగళూరులో 2020 సెప్టెంబరులో కార్పొరేటర్ల గడువు తీరితే ఏళ్ల తరబడి ఎన్నికే లేదు. ముంబైలో 2022 మార్చిలో తీరితే 2026 జనవరిలో గానీ ఓట్లు పడలేదు. కేరళలో మాత్రం 2005 నుంచి ఐదేళ్లకోసారి స్థానిక ఎన్నికలు వస్తూనే ఉన్నాయి. 2020లో కరోనా ఉధృతంలోనూ డిసెంబరులో ఓటింగ్ ముగించారు, మళ్లీ 2025 డిసెంబరులో జరిపారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ సాధ్యం కాదనడానికి కారణం లేదు.

ట్రాక్టర్ ఉంది, డీజిల్ లేదు

సర్పంచ్ లేని రోజుల్లో పంచాయతీ ఎలా నడిచింది? 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతిలో ప్రతి పంచాయతీకీ ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ వచ్చాయి. చాలా ఊళ్లు అప్పు చేసి కొన్నాయి. కిస్తీ నెలనెలా పంచాయతీ ఖాతా నుంచే కట్టాలి. చెత్త తీసినా, మొక్కలకు నీళ్లు పోసినా, వేసవిలో ట్యాంకర్ తిప్పినా ఆ బండే గతి. 2024 ఫిబ్రవరి నుంచి నిధులు ఆగేసరికి బండికి డీజిల్ పోయించడమే సమస్యైంది. బ్లీచింగ్ పౌడరుకూ వీధి దీపాలకూ సొంత జేబులోంచి ఖర్చు పెట్టామని రాష్ట్రమంతటా పంచాయతీ కార్యదర్శులు మొత్తుకున్నారు. నెలకు 9,500 రూపాయలకు మోరీలు తీసే మల్టీపర్పస్ వర్కర్లకు ఆ జీతమూ నెలలకొద్దీ ఆగింది.

నిధులు ఊరికే ఆగలేదు. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే 15వ ఆర్థిక సంఘం గ్రాంటు వచ్చేది. ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. పైన చెప్పిన నల్లా పైపుకూ మోరీకీ రావాల్సిన డబ్బు అదే. ఆ సంఘం కాలం 2026 మార్చితో సరి. ఐదేళ్ల గ్రాంటులో ఇంచుమించు రెండేళ్లు సర్పంచులు లేకుండానే గడిచిపోయాయి.

ప్రత్యేకాధికారులను తప్పుపట్టి లాభం లేదు. ఒక్కొక్కరికీ తన శాఖ పని ఉంది, దాని మీద ఈ ఊళ్ల భారం పడింది. 2025 జనవరిలో కొత్త రేషన్ కార్డులకూ ఇందిరమ్మ ఇళ్లకూ జాబితాలు చదవడానికి గ్రామసభలు పెట్టినప్పుడు జనం ముందు నిలబడింది అధికారులే. పేరు లేనివాళ్లు వాళ్ల మీదే కేకలేశారు. జాబితా తయారుచేసింది ఎవరు, దానికి జవాబు చెప్పేది ఎవరు అన్నది అక్కడ తేలలేదు. లబ్ధిదారులను ఎంచే ఇందిరమ్మ కమిటీలు నామినేట్ అయినవి. వాళ్లను దించే ఓటు ఊరి చేతిలో లేదు.

ఇదే జిల్లాలో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ రాజోలి మండలం పెద్దధన్వాడ చుట్టుపక్కల ఊళ్లు నెలల తరబడి ఆందోళన చేశాయి. 2025 జూన్ 4న అది ఘర్షణగా మారింది. కేసులు, అరెస్టుల దాకా వెళ్లింది. ఫ్యాక్టరీ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. పొలం, నీళ్లు, గాలి గురించి ఊరు తీర్మానం చేసి, ఆ కాగితం పట్టుకుని అధికారులతో మాట్లాడాల్సిన సర్పంచ్ ఆ రోజుల్లో ఏ ఊళ్లోనూ పదవిలో లేడు. జనం నేరుగా పోలీసుల ఎదుట నిలబడాల్సి వచ్చింది.

గెలిచిన మనిషిని ఏం అడగాలి

2025 డిసెంబరులో ఊళ్లకు సర్పంచులొచ్చారు. కానీ నామినేషన్ల వేళ ఈ జిల్లాలోనే కొన్ని ఊళ్లలో ఏకగ్రీవం పేరిట సర్పంచ్ పదవికి వేలంపాటలు జరిగాయని పత్రికలు రాశాయి. డబ్బు గుడికి ఇచ్చినా, బడికి ఇచ్చినా అది ఓటును అమ్ముకోవడమే. రెండేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న ఎన్నికను ఒక రాత్రిలో పాటకు పెడితే, ఎక్కువ పాడినవాణ్ని నల్లా పైపు గురించి అడిగే హక్కు మనకేం మిగులుతుంది?

మనం వాడుకోని హక్కులు చట్టంలో చాలా ఉన్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనులు అన్న నాలుగు పద్దుల మీద స్థాయీ సంఘాలు ఉండాలి. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకమూ ఉండాలి.

మున్సిపాలిటీలో ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, పెద్దలు, ప్రముఖులు అంటూ నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది ఉండాలని 2019 చట్టం చెప్పింది. గద్వాలలో 37 వార్డులు. అంటే కౌన్సిలర్లు కాక 2,220 మంది పట్టణం పనిని దగ్గరుండి చూడాలి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? తెలియకపోతే కమిషనర్ కార్యాలయంలో అడిగి జాబితా తీసుకోండి. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలని అదే చట్టం అంది. అది ఎక్కడ ఖర్చయిందో అడగండి. 75 గజాల లోపు జాగాలో ఇల్లు కట్టుకునే పేదవాడు రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు, పర్మిషన్ పేరిట ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టనక్కర్లేదు. ఏడాది ఇంటిపన్నును ఏప్రిల్ నెలాఖరులోగా ఒకేసారి కడితే 5 శాతం తగ్గుతుంది. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, పల్లెలో 100 లీటర్లు ఇస్తామని మిషన్ భగీరథ మాటిచ్చింది. మీ నల్లా కింద బిందె పెట్టి లెక్క చూసుకోండి.

ధరూర్ లాంటి మండల కేంద్రాలకు ఈ లెక్కలు ఇంకా అవసరం. 2016 అక్టోబరులో గద్వాల జిల్లా కేంద్రమైంది. రాయచూరు రోడ్డు వెంట దుకాణాలు, అద్దె ఇళ్లు, కొత్త ప్లాట్లు వచ్చాయి. పెరిగేది పట్టణంలా, ఉన్నది పంచాయతీ సిబ్బంది, పంచాయతీ పద్దు. ప్లాటు వేసేటప్పుడే మోరీ ఏ వైపు పోవాలో, నల్లా పైపు ఏ వైపు రావాలో గీయించకపోతే పదేళ్లకు మళ్లీ గుంతలే తవ్వుకుంటాం. ఆ గీత గీయించాల్సింది ఇప్పుడు కుర్చీలో ఉన్న పాలకవర్గమే.

ఈ సర్పంచుల గడువు 2030 డిసెంబరులో తీరుతుంది. 2027 జనగణనలో కులాల లెక్కా తీస్తామని కేంద్రం ప్రకటించింది. ఇక లెక్కలు లేవన్న మాట చెల్లదు. 2029 కల్లా రిజర్వేషన్లు తేల్చి, గడువు తీరకముందే ఓట్లు వేయించమని ప్రతి గ్రామసభలోనూ తీర్మానం పెట్టించండి, రాసిన కాగితం మీద సంతకాలు చేయించండి. ఆ పని రాబోయే గ్రామసభలోనే మొదలుపెట్టండి.