నాణెములపై అంకెలు: వాని ప్రామాణ్యము

అమెరికా నాణెముల స్థితిని 1 మొదలు 70 వఱకు గల అంకెలతో తెలుపు పద్ధతికి మూలము 1949లో విలియం షెల్డన్ ప్రకటించిన గ్రంథము. పాత రాగిసెంట్ల వెలను గణించుటకే అతడు దానిని కల్పించెను: 70 అంకెగలది 1 అంకెగలదానికి డెబ్బది రెట్లు వెల చేయవలెను. ఆ వెలలు తాఱుమాఱైనవి, అంకెలు నిలిచినవి.

1980ల నుండి వృత్తిసంస్థలు రుసుము గొని నాణెమునకు అంకె నిర్ణయించి, పారదర్శకపు పెట్టెలో సీలు చేసి యిచ్చుచున్నవి. దొంగనాణెముల భయము దీనివలన తగ్గినమాట నిజమే. కాని అంకె కంటిచూపుపై నాధారపడిన యభిప్రాయము. పెట్టె పగులగొట్టి మరల పంపిన నాణెమునకే వేఱంకె వచ్చుట కలదు. ఒక్క అంకెకే వెల పలురెట్లగు చోట నిది వ్యాపారమైనది. తాళపత్రమును చూడక ముద్రితప్రతినే నమ్ము పరిష్కర్తవలె, సేకరించువాడు నాణెమును విడిచి పెట్టెను కొనుచున్నాడని మేము తలంతుము. 2007లో, అంకె పడిన నాణెములనే మరల పరీక్షించి చీటి యంటించు సంస్థ యొకటి వెలసినది.