మూడు స్టేడియాలు, ఒక అట్టపెట్టె

పిల్లలూ, ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. నేను ఇండియా నుంచి వచ్చి మూడేళ్లే అయింది. బేస్‌బాల్ గురించి మీలో చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు. పోయిన వేసవి సెలవుల్లో మేం నలుగురం కారులో బాల్టిమోర్, పిట్స్‌బర్గ్, క్లీవ్‌ల్యాండ్ తిరిగాం. మూడు ఊళ్లు, మూడు స్టేడియాలు. అక్కడ నేను తెలుసుకున్నదే ఈ పాఠం.

బయల్దేరే ముందు మా ఆయన్ని అడిగాను, "ఆట ఒక్కటే కదా, స్టేడియం ఏదైతే ఏంటి?" అని. జవాబు మా అమ్మాయి చెప్పింది. దానికి పదేళ్లు. బాస్కెట్‌బాల్ కోర్టు పెద్ద లీగులో ఎక్కడైనా 94 అడుగుల పొడవే. బేస్‌బాల్‌లో లోపలి భాగానికే కచ్చితమైన కొలతలు. ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి 90 అడుగులు. బంతి విసిరే పిచ్చర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. దాని వెనకున్న మైదానం, చుట్టూ ఉన్న గోడ మాత్రం ఏ ఊరివి ఆ ఊరివే. పాత రోజుల్లో వీధుల మధ్య ఎంత స్థలం దొరికితే అంతలో కట్టుకున్నారు. బోస్టన్‌లో 1912లో కట్టిన ఫెన్‌వే పార్క్‌లో ఎడమవైపు గోడ 37 అడుగుల ఎత్తు, దాదాపు మూడంతస్తుల మేడంత! ఎందుకంటే దాని వెనకే వీధి ఉంది. వేరే ఊళ్లో హోమ్ రన్ అయ్యే బంతి అక్కడ గోడకి తగిలి కిందపడొచ్చు. (క్రికెట్‌లో కూడా బౌండరీ దూరం అన్నిచోట్లా ఒకటి కాదు. ఇన్నేళ్లు చూసినా నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.)

ఇప్పుడు అట్టపెట్టె సంగతి. అది మా అబ్బాయి బూట్లు వచ్చిన పెట్టె. ఒక్కో స్టేడియంలో ఒక్కొక్కరు ఒక్క గుర్తు తెచ్చుకోవచ్చు, పది డాలర్లు దాటకూడదు అని నియమం పెట్టాను. గుర్తు అంటే తెలుసు కదా? పుస్తకాల్లో 'జ్ఞాపిక' అని రాస్తారు, ఇంట్లో మనం గుర్తు అంటాం. ఈ చిన్నమాట చాలా పనులు చేస్తుంది. "నువ్వు నాకు గుర్తున్నావు" అంటే మర్చిపోలేదని. "నిన్ను గుర్తుపట్టాను" అంటే చూడగానే ఎవరో తెలిసిందని. "పేజీలో గుర్తు పెట్టు" అంటే ఒక గీత గీయమని.

పది డాలర్లకి ఏమొస్తాయి? ఆటగాళ్లు వేసుకునే జెర్సీ రాదు, దాని ధర చూసి నేనే రెండడుగులు వెనక్కి వేశాను. చిన్న ప్లాస్టిక్ హెల్మెట్‌లో ఐస్‌క్రీమ్ వస్తుంది. తినేసి, కడుక్కుని దాచుకోవచ్చు. మావాడికి ఏడేళ్లు, వాడు మూడు ఊళ్లలోనూ అదే కొనుక్కున్నాడు. నాకు టికెట్టు ముక్కలు దాచుకోవాలని ఉండింది, కానీ ఇప్పుడు టికెట్లన్నీ ఫోన్‌లోనే. ఫోన్‌ని అట్టపెట్టెలో పెట్టలేం కదా!

డబ్బులివ్వకుండా వచ్చే గుర్తు కూడా ఒకటుంది, బంతి. బ్యాటర్ కొట్టిన బంతి జనంలోకి వస్తే పట్టుకున్నవాళ్లదే. క్రికెట్‌లో అయితే తిరిగి విసిరేయాలి. ఈ తేడా ఎందుకో తెలుసా? క్రికెట్‌లో బంతి పాతబడటం కూడా ఆటలో భాగమే. అది అరిగేకొద్దీ గాలిలో వంగడం, నేలమీద తిరగడం మారుతుంది. అందుకే అదే బంతి వెనక్కి రావాలి. బేస్‌బాల్‌లో బంతికి మరకో గీతో పడితే అంపైర్ పక్కన పెట్టేసి కొత్తది ఇస్తాడు. కొత్త బంతి నున్నగా జారుతుందని ఆటకి ముందే న్యూజెర్సీలో తీసిన ఒక రకం బురదని దానికి రుద్దుతారట. ఈ ముక్క విన్నప్పుడు మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒకప్పుడు ఇక్కడ కూడా బంతి ఇచ్చేయాల్సిందే. 1921లో న్యూయార్క్‌లో ఒక ప్రేక్షకుడు ఇవ్వనంటే బయటికి పంపేశారు. ఆయన కోర్టుకి వెళ్లి గెలిచాడు. మాకు ఒక్క బంతి కూడా దొరకలేదు లెండి.

బాల్టిమోర్‌లో క్యామ్డెన్ యార్డ్స్ 1992లో మొదలైంది. కుడివైపు వెనకాల ఎర్ర ఇటుకల గిడ్డంగి ఒకటుంది, పాత రైలు కంపెనీది, వెయ్యి అడుగుల పైనే పొడవు. స్టేడియం కట్టేటప్పుడు దాన్ని పడగొట్టలేదు. స్టేడియానికీ గిడ్డంగికీ మధ్య నడిచే దారిలో నేలమీద ఇత్తడి బిళ్లలు ఉంటాయి. హోమ్ రన్ బంతులు పడిన చోట్లు అవి! 1993లో హోమ్ రన్ పోటీలో కెన్ గ్రిఫీ జూనియర్ కొట్టిన బంతి నేరుగా గిడ్డంగి గోడకే తగిలింది. గోడమీద దానికీ ఒక బిళ్ల ఉంది. చూశారా, నేలమీద, గోడమీద కూడా గుర్తులే.

అక్కడే ఒక పెద్దావిడ మా పక్క సీట్లో కూర్చుని పెన్సిల్‌తో కాగితం మీద ఏదో రాస్తున్నారు. స్కోర్ కార్డు. ఆటలో ప్రతి బంతికీ ఏమైందో రాసుకోవడం ఇక్కడ పాత అలవాటు. ఆటగాళ్లు నిలబడే చోట్లకి అంకెలు ఉంటాయి, పిచ్చర్ 1, క్యాచర్ 2, అలా 9 దాకా. "6-4-3" అంటే ఆరో చోటు ఆటగాడు నాలుగుకి విసిరాడు, నాలుగు మూడుకి విసిరాడు, ఇద్దరు అవుట్. మూడు స్ట్రైకులతో అవుటైతే ఇంగ్లీషు అక్షరం 'కె' రాస్తారు. మూడో స్ట్రైక్‌కి బ్యాట్ కదపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి రాస్తారు.

తెనాలిలో మా నాన్నగారు ఇలాగే రాసేవారు. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం వింటూ పాత నోటుబుక్కులో స్కోర్లన్నీ తెలుగులో. ఆ రాత్రి ఫోన్‌లో చెప్తే ఆయన మా అమ్మాయితో, "ఏదీ బంగారం, ఒక ఆట నాకూ రాసి పంపు, కానీ తెలుగులో రాయాలి" అన్నారు. అది గబుక్కున ఫోన్ నాకిచ్చేసింది. మేం వచ్చేటప్పటికి రెండో తరగతి చదువుతుండేది, చక్కగా రాసేది. ఇప్పుడు ఒత్తులు సగం మర్చిపోయింది. అది మర్చిపోయిందని తాతయ్యకి తెలియకూడదని దాని బాధ. నాదీ అదే బాధ, టీచర్ని కదా!

మర్నాడు నాలుగు గంటల ప్రయాణం చేసి పిట్స్‌బర్గ్ చేరాం. కొండమీద వెంకటేశ్వరస్వామి గుడి చాలామంది తెలుగువాళ్లకి తెలిసిందే. దర్శనం, పులిహోర అయ్యాక సాయంత్రం నది ఒడ్డున స్టేడియంకి వెళ్లాం. అక్కడ కుడివైపు గోడ ఎత్తు కచ్చితంగా 21 అడుగులు. రొబెర్టో క్లెమెంటే వేసుకున్న అంకె 21 కాబట్టి. పక్కనున్న పసుపురంగు వంతెనకీ ఆయన పేరే. ఆయన ప్యూర్టోరికో మనిషి, స్పానిష్ మాట్లాడేవాడు. ఇక్కడివాళ్లు 'బాబ్' అనేవారు, బేస్‌బాల్ కార్డుల మీద కూడా చాలా ఏళ్లు అలాగే అచ్చువేశారు. నా పేరు రొబెర్టో అని ఆయన చెప్తూనే ఉన్నాడు. 1972లో మూడువేల హిట్లు పూర్తిచేశాడు. ఆ ఏడాది చివరి రోజున నికరాగ్వా భూకంప బాధితులకి సరుకులు తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఆయన విగ్రహం దగ్గర మా అమ్మాయి చాలాసేపు నిలబడింది. దాని పేరు నాలుగు అక్షరాలు, బడిలో ఒక్క అక్షరం చేసి పిలుస్తారు. స్టేడియానికి మొదటిసారి వచ్చినవాళ్లకి ఉచితంగా ఒక సర్టిఫికెట్ ఇస్తారు. బాల్టిమోర్‌లో అది ఆ ఒక్క అక్షరమే చెప్పింది. పిట్స్‌బర్గ్‌లో మాత్రం మొత్తం పేరు, అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. ఇస్తున్నాయన రెండుసార్లు అడిగి సరిగ్గా రాశాడు.

క్లీవ్‌ల్యాండ్‌లో వాన. మైదానం మీద పెద్ద పట్టా పరిచేశారు, గంటన్నర కూర్చున్నాం. అక్కడి జట్టు పేరు 2022 నుంచి గార్డియన్స్, పక్క వంతెన మీద ఉన్న కాపలా విగ్రహాల పేరది. అంతకుముందు ఇండియన్స్. "మన పేరా?" అన్నాడు మావాడు. కాదు నాన్నా, కొలంబస్ ఇండియా చేరాననుకుని ఇక్కడివాళ్లకి పెట్టిన తప్పు పేరు, అది వాళ్లకి నచ్చలేదు అని చెప్పాను. పేర్ల సంగతి ఆ ప్రయాణంలో మమ్మల్ని వదల్లేదు.

ఆ వానలోనే మా అమ్మాయి కాగితం మీద గళ్లు గీసింది. "అమ్మా, తిరగేసిన 'కె' తెలుగులో ఎలా?" అని అడిగింది. నువ్వే చెప్పు అన్నాను. కొట్టబోయి అవుటైతే 'కొ', చూస్తూ అవుటైతే 'చూ' అని పెట్టుకుంది. ఆటగాళ్ల పేర్లకి ఒత్తులు నన్ను అడిగి అడిగి రాసింది. రెండు చోట్ల తప్పులున్నాయి, నేను దిద్దలేదు. మీరు కూడా ఒక ఇన్నింగ్స్ ఇలా రాసి చూడండి, ఏ అవుట్‌కి ఏ అక్షరమో మీరే పెట్టుకోండి.

అసలు కాగితం పెట్టెలో ఉంది, ఫోటో తెనాలి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే నాన్నగారు ఫోన్ చేశారు. స్పెల్లింగుల గురించి ఒక్క మాట లేదు. "ఐదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లే ఉన్నాయేమిటి, మూడోవాడు ఏమయ్యాడు?" అని అడిగారు. అప్పుడు మా అమ్మాయి తమ్ముడితో కలిసి ఐస్‌క్రీమ్ లైన్‌లో ఉంది.