సమోవాలో పొయ్యి వెలగని రోజులు

పసిఫిక్ మహాసముద్రములో, న్యూజీలాండుకు ఈశాన్యంగా, సమోవా అనే చిన్న ద్వీప దేశమున్నది. 1830లో జాన్ విలియమ్స్ దొరగారు అక్కడికి సువార్త తీసుకొని వెళ్లారు. ఆయనను పంపిన లండన్ మిషనరీ సొసైటీయే మన విశాఖపట్నానికీ, కడపకూ మిషనెరీలను పంపినది. అందుచేత సమోవా సంఘము మనకు పరాయిది కాదు.

అక్కడి ఊళ్లలో సాయంకాలమైతే శంఖమో గంటో మ్రోగుతుంది. దారిన పోయేవారు ఆగిపోతారు, ప్రతి ఇంటా కుటుంబ ప్రార్థన జరుగుతుంది. ఆదివారము కాల్చిన రాళ్ల మీద చేమదుంపలు, సీమపనస కాయలు వండుకొని, ఆరాధన తరువాత అందరూ కలిసి భుజిస్తారు.

1918 నవంబరు 7న ఆక్లాండు నుండి 'తలూనే' అనే ఓడ ఆపియా రేవుకు వచ్చింది. ఓడలో ఇన్‌ఫ్లుయెంజా రోగులున్నారు. అయినా అప్పటి న్యూజీలాండు అధికారులు ప్రయాణికులను దిగనిచ్చారు. కొద్ది రోజులలోనే ఇంటింటా అందరూ ఒకేసారి మంచమెక్కారు. నీళ్లు తెచ్చేవారు లేరు, పొయ్యి రాజేసేవారు లేరు. తోటలో దుంపలున్నా త్రవ్వేవారు లేక, జ్వరము తగ్గినవారు సైతం ఆకలితో నీరసించారు. చనిపోయినవారిని ఇంటి ముంగిటనే సమాధి చేసి, బంధువులు నాణ్యమైన చాపలు తెచ్చి గౌరవించడము వారి ఆచారము. ఆ దినములలో శవాలను చాపలలో చుట్టి, ఒకే గోతిలో అనేకులను పూడ్చవలసి వచ్చింది. సుమారు 38,000 జనాభాలో 8,500 మంది దాకా మరణించారు. కాపరులు, కుటుంబ పెద్దలు ఎందరో పోయారు. ప్రార్థన నడిపించే తండ్రి లేని ఇళ్లెన్నో!

పక్కనే, అమెరికా పాలనలోని టుటుయిలా దీవిలో ఒక్కరూ చనిపోలేదు. గవర్నరు జాన్ పోయర్ వచ్చే ఓడలను ఆపి, ప్రయాణికులను వేరుగా ఉంచారు. ఊరివారే తీరమంతా కాపలా కాశారు. మన ఊళ్లలో రోగిని వేరుగా ఉంచితే, టీకా వేయించుకుంటే, "విశ్వాసము చాలదా?" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. వారు లేవీయకాండము 13వ అధ్యాయము మరొకసారి చదవాలని మా మనవి. అనుమానమున్న వానిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచుమని అక్కడ యాజకునికి ఆజ్ఞ ఉన్నది.

న్యూజీలాండు ప్రధాని హెలెన్ క్లార్క్ 2002లో సమోవాకు వెళ్లి, ఆ నాటి నిర్లక్ష్యానికి క్షమాపణ చెప్పారు.

అయితే 2018లో మందు కలపడములో జరిగిన పొరపాటువలన ఇద్దరు పసిబిడ్డలు చనిపోగా, తల్లులు టీకాలంటే భయపడ్డారు. మరుసటి సంవత్సరము తట్టు వచ్చి 83 మంది మరణించారు, అందులో ఎక్కువమంది అయిదేళ్లలోపు బిడ్డలే. 2019 డిసెంబరులో రెండు దినములు పనులన్నీ ఆపి, టీకా పడని ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టించారు. నర్సులు ఆ గుర్తు చూసి ఇల్లిల్లూ తిరిగారు.

కోవిడ్ వచ్చినప్పుడు, 2020 మార్చిలోనే దేశపు సరిహద్దులు మూశారు. ఆలయములలో కూడుకొనుట సైతం కొంతకాలము ఆగింది. 2022 మార్చిలో ఆ వ్యాధి ఊళ్లలో ప్రవేశించే నాటికి, పెద్దలలో అనేకులు టీకా వేయించుకొని ఉన్నారు.