కేకులో గాలి ఎక్కడిది?

వీధి మొగలో కొత్తగా కేకుల దుకాణము తెరిచినారంటే మొదటి వారములో అక్కడ నిలబడుటకు చోటు దొరకదు. అద్దాల పెట్టెలో రంగురంగుల ముక్కలు కనిపిస్తాయి, వాటి పక్కన ధరలు కనిపిస్తాయి. ఒకే పరిమాణముగల రెండు ముక్కలలో ఒకటి దూదివలె తేలికగాను, రెండవది పిడచకట్టినట్లుగాను ఎందుకున్నదో మాత్రము ధరల పట్టీ చెప్పదు. ముక్కను విరిచి చూచి తెలుసుకొనవలసినదే.

విరిచిన చోట మొదట కంటబడేవి రంధ్రాలు. మంచి స్పంజి కేకు పరిమాణములో సగానికి పైగా గాలియే. ఇడ్లీలో కూడ అంతే కదా అనవచ్చును. కాని ఇడ్లీ పిండిలో రాత్రంతా సూక్ష్మజీవులు పనిచేసి వాయువును పుట్టిస్తాయి. కేకు పిండికి అంత వ్యవధి లేదు. దానిలోనికి గాలిని చేతితోనో యంత్రముతోనో ఎక్కించవలెను. వెన్నను చక్కెరతో కలిపి గిలకొట్టినప్పుడు పలుకుల అంచులతోబాటు గాలి వెన్నలోనికి దూరి, చిన్నచిన్న బుడగలై చిక్కుకొంటుంది. గ్రుడ్డును గిలకొట్టినప్పుడు అందులోని మాంసకృత్తులు విచ్చుకొని ప్రతి బుడగ చుట్టును పలుచని పొరగా ఏర్పడతాయి.

మరి వంట సోడా చేసే పని ఏమిటి? రెండు గ్లాసులలో చిటికెడు సోడా వేసి, ఒకదానిలో చల్లని నీరు, రెండవదానిలో నిమ్మరసము పోసి చూడండి. రెండవది వెంటనే బుసబుస పొంగుతుంది. ఆమ్లము తగిలినప్పుడు సోడానుండి బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. 5 గ్రాముల సోడా తగినంత ఆమ్లముతో కలిస్తే గది వేడిమిలో సుమారు ఒకటిన్నర లీటర్ల వాయువు వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయమొకటి ఉన్నది. ఈ వాయువు కొత్త బుడగలను పుట్టించదు, గిలకొట్టుటవలన ముందే ఏర్పడిన బుడగలలో చేరి వాటిని ఉబ్బిస్తుంది. కాబట్టి గిలకొట్టుటలో బద్ధకించి సోడాను ఎక్కువ వేసినా ప్రయోజనము లేదు. పైగా ఆమ్లము చాలనప్పుడు మిగిలిన సోడా పొయ్యి వేడికి విడిపోయి, సగము వాయువునే ఇచ్చి, బట్టల సోడాను మిగులుస్తుంది. కొన్ని కేకులలో నాలుకకు తగిలే సబ్బు రుచి దానిదే.

సోడాను, పొడి ఆమ్లమును ముందే కలిపి ఉంచవచ్చునని 1843లో బర్మింగ్‌హామ్‌లోని రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ బర్డ్ చూపినాడు. అతని భార్యకు ఈస్టు పడకపోవుటే ఆ ప్రయత్నమునకు కారణము. గ్రుడ్డు తిననివారికి చేసే కేకులో పెరుగు వేయుట కూడ ఈ సూత్రమువల్లనే సాగుతున్నది. పెరుగులోని పులుపు సోడాకు తోడవుతుంది. అయితే గ్రుడ్డు చేసే రెండవ పని పెరుగు చేయలేదు. పొయ్యిలో బుడగలు ఉబ్బుతూ ఉండగా వాటి గోడలు గట్టిపడవలెను. పిండిపదార్థము నీటిని పీల్చి చిక్కబడుతుంది, గ్రుడ్డులోని మాంసకృత్తులు గడ్డకడతాయి. గ్రుడ్డు లేనప్పుడు ఆ భారమంతా మైదాపైననే పడుతుంది. గోడలు గట్టిపడకముందే పొయ్యి తలుపు తీస్తే కేకు నడుమ కుంగిపోవుటకు కారణమిదే. పిడచముక్క రహస్యము తరచు ఇక్కడనో, గిలకొట్టుటలోనో ఉంటుంది.

రుచి సంగతి ఇట్లుండగా, మీగడ కేకుల విషయము వేరు. 1930లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన గెయిల్ డాక్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించినారు. మీగడ నింపిన స్పంజి కేకులు తిని 11 మంది జబ్బుపడగా, ఆ కేకులనుండి వారు స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవిని వేరుచేసినారు. దానిని పెంచిన ద్రవమును, జీవులు మిగలకుండ వడగట్టిన తరువాత కూడ, త్రాగిన స్వచ్ఛంద సేవకులకు వాంతులైనవి. అనగా హాని చేసినది ఆ జీవి విడిచిన విషము. ఈ జీవి ఆరోగ్యముగా ఉన్న చాలామంది ముక్కులలోను, చర్మముపైనను ఉంటుంది. చీము పట్టిన పుండులో మరీ ఎక్కువ. కాల్చిన కేకుపై చేతితో మీగడ పూసిన తరువాత దానిని మరల కాల్చరు గదా! మన ఎండకాలపు వేడిమిలో బయట ఉంచితే కొద్ది గంటలలో అది విపరీతముగా పెరుగుతుంది. వాసనగాని రంగుగాని మారకపోవచ్చును. అందుచేత కొత్త దుకాణములో మొదట చూడవలసినది మీగడ ముక్కలున్న పెట్టె నిజముగా చల్లగా ఉన్నదా అనునది. 5 డిగ్రీల సెంటిగ్రేడుకు మించని చలిలో ఈ జీవి పెరగదు.

చలికి ఇంకొక గుణమున్నది. మీగడ లేని ఉత్త కేకును ఆ పెట్టెలో పెడితే త్వరగా పెళుసెక్కుతుంది. తడి ఆరుటవల్లనే ఇట్లవుతుందని అనుకొనేవారు. 1852లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బుస్సాంగో తడి పోకుండ మూసి ఉంచిన రొట్టె కూడ పాతబడుతుందని, వేడిచేస్తే తిరిగి మెత్తబడుతుందని చూపినాడు. పిండిపదార్థపు అణువులు మరల బారుతీరి గట్టిపడుటే దీనికి కారణము, చలిలో ఆ మార్పు మరింత వేగముగా జరుగుతుంది. పెళుసెక్కిన ఉత్త కేకును కొంచెము వెచ్చచేసి తినవచ్చును. స్టెఫిలోకాకస్ విడిచిన విషము మాత్రము వెచ్చచేసినంత మాత్రాన పోదు, నీరు మరిగే వేడిని కూడ అది చాలసేపు తట్టుకొంటుంది.